అన్సెల్మో మూసిన తలుపు

మనీలా దగ్గరి కవితె నౌకాస్థావరంలో అన్సెల్మో కపరాస్ అంటే ఇంజను గది మనిషి. ఏ సబ్బుతో రుద్దినా ఒంటి మీది డీజిలు వాసన పోయేది కాదు. అతను పనిచేసిన ఓడ వయసులో అతనికన్నా పెద్దది. ఏదో గొప్ప దేశపు నౌకాదళం వాడి వాడి వదిలేస్తే వీళ్ళకు దక్కింది. దానికి విడిభాగాలు చేసే కర్మాగారం ఎప్పుడో మూతపడింది. ఏది పాడైనా, రేవులో తుప్పుపట్టి పడున్న దాని జోడు ఓడలోంచి ఊడబెరికి తెచ్చి బిగించేవారు.

దూరపు పగడపు తిప్పల మీద కాపలా కాసే సైనికులకు బియ్యం, మంచినీళ్ళు, డీజిలు చేరవేయడం ఆ ఓడ పని. పేరంతా ఫిరంగుల ఓడలకే. ఇది వెళ్ళకపోతే మాత్రం తిప్పల మీదివాళ్ళు వాననీళ్ళు పట్టుకు తాగాల్సిందే.

ఆ ఏడాది ఇంజనుకు నూనె వెళ్ళే గొట్టం బీటలిచ్చింది. కొత్తది కావాలని విడిభాగాల డిపోని అడిగారు. డిపో మనీలాని అడిగింది. మనీలా ఇంకెవరినో అడిగింది. జోడు ఓడ గొట్టం అప్పటికే వాడేశారు. చివరికి రబ్బరు చుట్టి, ఇనుప పట్టీ బిగించి ఓడని బయల్దేరదీశారు.

"ఈ కట్టు చూస్తే మా అత్త మోకాలు గుర్తొస్తోంది పారె," అన్నాడు రోడెల్. రోడెల్ అతని జతగాడు, బాప్తిస్మంలో అతని కూతురికి జ్ఞానతండ్రిగా నిలిచినవాడు. ఆ వరసతోనే ఇద్దరూ 'పారె' అని పిలుచుకునేవారు.

"మీ అత్త ఇంకా నడుస్తోందిగా. ఇదీ నడుస్తుందిలే."

పలావాన్ దీవి దాటాక పట్టీ ఊడింది. చిమ్మిన నూనె కాగిన పొగగొట్టం మీద పడి భగ్గుమంది. ఇద్దరూ నిచ్చెన పట్టుకుని పైకొచ్చి పడ్డారు. డెక్కు నిండా డీజిలు పీపాలు, వాటి మధ్య తిప్పలకు వెళ్ళే సైనికులు.

రోడెల్ ఆగిపోయాడు. "నూనె కట్టెయ్యలేదు పారె."

"పైనుంచి కట్టే తీగ ఉందిగా!"

"అది తెగి ఏడాదైంది. తలుపు పట్టుకో, వచ్చేస్తా."

తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని దిగాడు. కాసేపటికి మంట జోరు తగ్గింది. కట్టేశాడన్నమాట. కానీ అప్పటికే కారిన నూనె మండుతూనే ఉంది, పీపాల కింద ఇనుము కాలిపోతోంది. రోడెల్ మాత్రం రాలేదు. అన్సెల్మో దిగబోయి, చేతులు కాల్చుకుని వెనక్కొచ్చాడు.

"తలుపు మూసెయ్! వాయువు వదులుతున్నా," అని అరిచాడు కెప్టెన్. ఆ వాయువు మంటని చంపుతుంది, మనిషినీ చంపుతుంది.

"లోపల రోడెల్ ఉన్నాడు సార్!"

"తెలుసు." కుర్ర కెప్టెన్ వాయువు మీట మీద చెయ్యి వేశాడు. "మూసెయ్."

అన్సెల్మో మూశాడు. అంతలో లోపలినుంచి ఎవరో ఇనుము మీద కొట్టారు. అన్సెల్మో పిడి వదల్లేదు. కెప్టెన్ మీట లాగాడు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది.

ఓడ దక్కింది. మిగతావాళ్ళంతా దక్కారు. విచారణలో ఎవరి తప్పూ తేలలేదు. ఓడ ముసలిదైందన్నారు. అన్సెల్మోకి పతకం ఇచ్చారు.

రోడెల్ భార్య నెనితా స్థావరం గేటు దగ్గర అన్నం హోటలు నడిపేది. అన్సెల్మో వెళ్తే ముందు చేపల పులుసు, అన్నం పెట్టింది. తిన్నాక అడిగింది.

"తలుపు మూసేటప్పటికే ప్రాణం పోయిందని కెప్టెన్ చెప్పాడు. నిజమేనా?"

అవునంటే సరిపోయేది. అలా అనడానికి అతనికి నోరు రాలేదు. "కాదు. తలుపు కొట్టాడు."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

నెనితా కంచం తీసేసింది. "ఎందుకు చెప్పావయ్యా? ఆ అబద్ధం పట్టుకుని బతికేదాన్నిగా. నీ గుండె బరువు దించుకోడానికి నా ఇల్లే దొరికిందా? లే, ఇక రాకు."

అతను మళ్ళీ ఓడెక్కలేదు. అడిగి డిపోకి మారాడు. ఓడని తుక్కుకి ఈడ్చుకుపోయిన కొన్ని నెలలకు చెక్కపెట్టెలో కొత్త గొట్టం వచ్చింది. సంతకం పెట్టి దించుకున్నాడు. దాన్ని బిగించడానికి ఎక్కడా ఓడ లేదు. ఆ తర్వాత ఏ ఓడవాళ్ళు ఏది అడిగినా పై అధికారుల వెంటబడి పోరేవాడు. కొన్ని వచ్చేవి, చాలావి రాలేదు. 'సణుగుడు తాత' అని పేరొచ్చింది.

ఏటా చనిపోయినవాళ్ళ పండగకి కూతుర్ని వెంటబెట్టుకుని శ్మశానానికి వెళ్ళేవాడు. నెనితా ఆ పిల్లని దగ్గరికి తీసి, రోడెల్ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించనిచ్చేది. తినడానికి బిబింకా అనే బియ్యప్పిండి రొట్టె పెట్టేది. అన్సెల్మో గేటు బయటే నిలబడేవాడు.

అతను పదవీ విరమణ చేసిన ఏడాది నెనితా ఒకసారి అటు చూసింది. "మీ నాన్న ఎండలో నిలబడ్డాడు," అంది పిల్లతో. "ఇంటికి పొమ్మను. నిన్ను నేను దింపుతాలే."

పిల్ల వచ్చి చెప్పింది. అన్సెల్మో తలూపి, ఒక్కడే ఇంటికి నడిచాడు.