మా కొట్లో వైకుంఠపాళి

చాంద్రాయణగుట్టలో నేను పనిచేసే చీరల కొట్టుకు సేటు కొడుకు రావడం మొదలయ్యాక, గోడ మీది క్యాలెండరు దిగి వైకుంఠపాళి ఎక్కింది. అమ్మేవాళ్లకు హుషారు రావాలట. చీర అమ్మితే పాచిక వేసి గడులు ఎక్కాలి. గిరాకీ ఉత్త చేతులతో లేచిపోతే పాము మింగినట్టే, తోక దాకా జారాలి. ఇంటివాళ్లకు అమ్మింది లెక్కలోకి రాదు. మాలో ఒక్కొక్కరికి ఒక్కో రంగు బొట్టుబిళ్ల. ముందు పైకి చేరినవాళ్లకు మిక్సీ.

"మనమేమన్న చిన్నపిల్లలమా?" అని మొదట వెక్కిరించింది నేనే. వారం తిరిగేసరికి అందరికంటే నాకే పిచ్చి ముదిరింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని తోటివాళ్లు నవ్వితే ఇంకా పట్టుదల పెరిగింది. ఇంట్లో మిక్సీ కాలిపోయిన మాట నిజమే. కానీ నాకు కావలసింది చప్పట్లు. ఇన్నేళ్ల కొలువులో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఉప్పుగూడలో ఇంటికి చేరగానే ఏ గడిలో ఉన్నానో మా అత్తకు చెప్పేదాన్ని. ఆమె బియ్యం ఏరుతూ శ్రద్ధగా వినేది. "పాము ఇంకెంత దూరమున్నదే?" అని అడిగేది.

మనుషులను చూడగానే కొంటారా, కొనరా అని తూకం వేయడం నాకు అలవాటైంది. బార్కస్ నుంచి పెళ్లి బట్టలకు గుంపుగా వచ్చేవాళ్లకు ఎదురువెళ్లేదాన్ని. అరిగిన చెప్పులు కనబడితే తలవంచుకుని చీరలు మడతపెట్టేదాన్ని.

ఆ రోజు నాకు ఒక్క గడే మిగిలింది, ఇంకొక్క చీర అమ్మితే గెలుపు నాదే. పక్క కౌంటర్ ఆమెకూ ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం దాకా ఒక్క గిరాకీ లేదు. అప్పుడు మా అత్త వచ్చింది, నేను మరిచిపోయిన టిఫిను పట్టుకుని. మోకాళ్ల నొప్పి కదా, ఆయాసపడుతూ నా ముందు కుర్చీలో కూలబడింది.

గల్లా దగ్గర నుంచి సేటు కొడుకు అడిగాడు: "అక్కా, మీ ఇంటోళ్లా?"

"మా అత్తమ్మ సార్" అనాలి. అదెంత మాట? నా నోట వచ్చిందల్లా వేరే మాట.

"కాదు సార్, గిరాకే."

అత్త నా మొహంలోకి చూసింది. టిఫిను సంచిని మెల్లగా కాళ్ల వెనక్కి జరిపింది.

"ఏమమ్మా, తక్కువల ఏమన్న చీర ఉంటే చూపియ్యి" అంది, ఎన్నడూ నన్ను ఎరగనట్టు.

"ఏ రంగుల చూపియ్యాలమ్మా?"

"నీకు మంచిగనిపించింది చూపియ్యి."

ఇప్పుడంతా ఫోనుతోనే కడతారు. ఆమె కొంగుముడి విప్పింది. ఆ డబ్బు ఇంటికి పోయేటప్పుడు మోకాళ్ల గోళీలు కొనుక్కోవడానికని నాకు తెలుసు. తెలిసే బిల్లు రాయించాను. ఆమె చీర సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే వెనకాల చప్పట్లు మోగాయి. అందరితో పాటు నేనూ కొట్టాను. పరిగెత్తి వెళ్లి చెయ్యి పట్టుకుని దింపాల్సిందాన్ని, అక్కడే నిలబడి పళ్లికిలించాను.

సాయంత్రం మిక్సీ డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్తే, అత్త గడప మీద కూర్చుని పక్కింటి అక్కకు చెబుతోంది. మొహం వెలిగిపోతోంది.

"గా ఆటల సొంత అత్తను గూడ ఎరగనట్టే ఉండాల్నట. గది రూలు. మా కోడలు ఎంత మంచిగ ఆడింది అనుకున్నవ్! మొఖంల ఇంత గూడ కనవడనియ్యలే. నేను గూడ తక్కువ ఆడలే!"

ఆమె దెప్పడం లేదు. నన్ను మెచ్చుకుంటోంది. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

పక్కింటి అక్క నా వైపు తిరిగింది. "నిజమా? గట్ల గూడ రూలుంటదా?"

అత్త కూడా నవ్వుతూ నా వైపే చూస్తోంది.

"అవునక్కా, రూలే" అన్నాను.