అక్క అరికాళ్ల మీద గీతలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇది చదివి ఎవరైనా నాకు మంత్రం వేయించమని చెబితే ఊరుకోను కూడా. ఒళ్లు మండి రాస్తున్నాను.

మాది తిమ్మాజిపేట దగ్గర పల్లె. అమ్మ పొద్దున్నే కూలికి పోతూ మమ్మల్ని నోటితో పిలిచేది కాదు. బొటనవేలి గోటితో అరికాలు గీరి లేపేది. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది.

అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. బాగైందనుకున్నాక నడుము నొప్పి మొదలైంది. నాగర్‌కర్నూల్‌లో చూపిస్తే పొలం పని నొప్పేనని సూదులు, గోలీలు ఇచ్చి పంపారు. ఆపరేషన్ సంగతి చెప్పినా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని ఒక్కరు అడిగితే ఒట్టు.

తర్వాత అక్క కొత్త మాట మొదలుపెట్టింది. "అమ్మొచ్చి అరికాలు గీరుతుంది చెల్లె, ఒకటే జివ్వుమంటది." ఇంకేం, బావ గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు. నేను అక్కకు తోడుగా ఉండడానికి వెళ్లాను.

ఒకరోజు తెల్లవారుతుండగా నా అరికాలు ఎవరో గీరినట్టయి మెలకువ వచ్చింది. గదిలో అక్క, నేను తప్ప ఎవరూ లేరు. తలుపుకు లోపల గడియ. అక్క అప్పటికే మేలుకొని ఉంది. "అమ్మ ఇయ్యాల రాలే," అంది.

ఆ మాట బయటున్న బావకు చెబితే ఎంత సంబరమో! "గాలి పోయింది. ఇగ మంచిగైతది," అన్నాడు.

నేను అక్క కాళ్ల మీది దుప్పటి తీసి చూశాను. ఎండిన ఆమె అరికాళ్ల మీద మడమ నుంచి వేళ్ల దాకా తెల్లటి గీతలు, అప్పుడే గీసినట్టు. నేనూ గోటితో గట్టిగా గీరి, తెలిసిందా అని అడిగాను.

"ఎప్పుడు గీరినవ్?" అంది అక్క.

లేపి నిలబెడితే మోకాళ్లు వంగిపోయాయి. జర పండుకోనీ అంటున్న బావ మీద అరిచి, కారు మాట్లాడి హైదరాబాద్ తీసుకుపోయాను.

అక్కడి డాక్టరమ్మ స్కాన్ చూసి, క్యాన్సర్ వెన్నుపూసలోకి పాకి నరాలను నొక్కుతోందని చెప్పింది. క్యాన్సర్ వచ్చినవాళ్లకు నడుము నొప్పితో పాటు కాళ్లలో జివ్వుమన్నా, తిమ్మిరెక్కినా ఆ రోజే రావాలట. స్పర్శ పోయేదాకా ఆగకూడదట. "ముందే మీకెవరూ చెప్పలేదా?" అని కోప్పడింది.

కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాక అక్క కుడికాలు కదిలింది. ఎడమకాలు కదల్లేదు.

ఆ గీతలు ఎవరు గీశారో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ కాళ్ల సంగతి అడగడానికి బతికున్న డాక్టర్లు అంతమంది ఉండగా, చచ్చిపోయిన మా అమ్మ ఎందుకు రావాల్సి వచ్చింది?