పసుపు జట్టును విడవని మా మామ

గడిచిన మంగళవారం పొద్దున మా మామ నిజామాబాద్ దవాఖానలో చనిపోయారు. నేను ఆయన కోడలిని. ఆదివారం సాయంత్రాలు ఆర్మూర్ కాలేజీ గ్రౌండు పక్కగా వెళ్లినవాళ్లు మా ఇద్దరినీ చూసే ఉంటారు. గోడ వారగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాంట్లో నల్లద్దాల ముసలాయన, ఇంకోదాంట్లో గొంతు పోయేదాకా మాట్లాడే ఆడమనిషి. ఆ గొంతు నాదే.

మామ మార్కెట్ యార్డులో పసుపు తూచే దడ్వాయి. ముప్పై ఏళ్లు కాంటా ముందు నిలబడి బరువు పైకి చెప్పారు. రైతు బతిమాలినా, వ్యాపారి కళ్లెర్రజేసినా, కాంటా చూపించిందే ఆయన నోట వచ్చేది. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి మా ఊరి ఫుట్‌బాల్ జట్టు. వయసులో ఉండగా ఆయనా అందులో ఆడారు. జట్టు అప్పుడూ ఓడేది, ఇప్పుడూ ఓడుతూనే ఉంది.

దానికి పసుపు జట్టని పేరు రావడానికి కారణం మా అత్త. కొత్త తెల్ల జెర్సీలన్నీ ఒకేసారి నానబెట్టడానికి పెద్ద గిన్నె దొరక్క, పసుపు ఉడకబెట్టిన కడాయిలో వేసింది. ఇక ఎన్నిసార్లు ఉతికితే ఏం లాభం? అత్త ఏడుస్తుంటే మామ పగలబడి నవ్వి, మంచిదే, మనవాళ్లను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు అన్నారట. తర్వాత కొన్న జెర్సీలన్నీ ఆ రంగువే. అత్త పోయి ఆరేళ్లయింది.

షుగరు చూపు తీసుకుపోయాక కూడా మామ ఆదివారం మానలేదు. కనపడని ఆట, అదీ ఓడే ఆట, ఎందుకని మా ఆయన విసుక్కునేవాడు. చివరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. నిజం చెప్పొద్దూ, ఇంటి పని కాసేపు తప్పుతుందనే వెళ్లాను. నాకు ఆట తెలియదు. పొడుగాయన ఎర్రబూట్లాయనను పడగొట్టాడు, అందరూ ఆ మూలకు ఉరుకుతున్నారు, ఇట్లా ఉండేది నేను చెప్పడం. మామ పడీపడీ నవ్వేవారు. చాలాసార్లు చూసేది మేమిద్దరమే. గెలిచే జట్లు అన్ని ఉండగా వీళ్లే ఎందుకని ఒకరోజు అడిగేశాను.

"గెలిచేటోళ్లను చూడనీకి మస్తుమంది ఉంటరు బిడ్డా. వీళ్లకు ఎవరున్నరు?" అన్నారు.

అత్త పోయాక ఈయనకు మాత్రం ఎవరున్నారు అనిపించి జాలేసింది. అంకాపూర్ వాళ్లతో ఆట నాడు ఆ జాలితోనే తప్పు చేశాను. అప్పటికి నాలుగు గోల్స్ వెనకబడ్డాం. ఆయన ముఖం చూడలేక, మనవాళ్లు ఒకటి కొట్టారని అరిచాను. మామ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గ్రౌండులో ఒక్క కేకా లేదు. ఆయన చప్పట్లు మెల్లగా ఆగిపోయాయి. తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నారు.

"లేని బరువు చెప్పొద్దు బిడ్డా. వీళ్లు గెలుస్తరని నేను వస్తలేను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కోప్పడలేదు. కానీ ఆనాటి నుంచి నేను స్కోరు చెప్పాక, గోల్‌కీపర్‌ను పిలిచి మళ్లీ అడిగేవారు. నాకు మండుకొచ్చేది. ఎవరి మీద మండిపడను, చేతులారా చేసుకున్నదే.

చనిపోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆయన ఐసీయూలో ఉన్నారు. ఆరోజే మావాళ్లు ముప్కాల్ జట్టును రెండు ఒకటితో ఓడించారు. నాకు తెలిసి వాళ్లు గెలవడం అదే మొదటిసారి. ఒంటికి అంటిన మట్టితోనే బస్సెక్కి అందరూ దవాఖానకు వచ్చేశారు. లోపలికి ఒక్కరినే వదులుతామన్నారు. నువ్వే చెప్పక్కా అని నన్ను పంపారు.

చెవి దగ్గర వంగి చెప్పాను. మామ నా చేతిని మెల్లగా తట్టారు.

"నన్ను ఖుష్ చేయనీకి చెప్తున్నవ్ గని, ఎన్ని గోల్స్‌తోని ఓడిండ్రో చెప్పు బిడ్డా."

నిజం మామా, ఒట్టు అన్నాను. అందరూ బయటే ఉన్నారన్నాను. ఆయనకు ఆయాసం ఎక్కువైంది. అయినా మళ్లీ అదే అడిగారు. నర్సు నన్ను వెళ్లమంటోంది. ఏం చేసేది?

"ఒక్కటే మామా," అన్నాను.

"ఒక్కటేనా? మస్తు ఆడిండ్రు," అన్నారు. ముఖం తేటపడింది.

ఆయనతో నా చివరి మాట ఆ అబద్ధమే. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక మీకు చెబుతున్నాను.

బయటికొస్తే పదకొండు మందీ బూట్లు చేతుల్లో పట్టుకుని గోడకు వరుసగా నిలబడి ఉన్నారు. తాత ఏమన్నాడని గోల్‌కీపర్ అడిగాడు. మస్తు ఆడిండ్రు అన్నడని చెప్పాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత వట్టికాళ్లతో, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు. వాళ్లు నిలబడిన చోట తెల్లటి బండల మీద పదకొండు జతల మట్టి పాదాలు, వేళ్లన్నీ ఐసీయూ తలుపు వైపే.