వాల్వు తేరుకునేలోపు

నా హామ్ రేడియో ఆంప్లిఫయర్‌లో వాల్వు ముసలిదైంది. గాజు బుడ్డిలో వెలుగు బాగానే ఉంది, బలమే లేదు. మీటరు ముల్లు సగం దూరం వెళ్లి కూలబడుతోంది. ఆ ఆంప్లిఫయర్ లేకపోతే నా చిన్న సెట్టు మాట నరసరావుపేట దాటడమే గొప్ప.

నాకు అది కావలసింది ఒక్క మనిషి కోసం. రోజూ పొద్దున ఆరున్నరకు తెలుగువాళ్లం పదిమందిమి రేడియోలో కలుసుకుంటాం. అందులో శ్రీకాకుళం వైపు రిటైర్డు మాస్టారు ఒకాయన ఇరవై ఏళ్లుగా నన్ను "పల్నాటి బావా" అని పిలిచేవాడు. మేం ముఖాలు చూసుకోలేదు. ఫోన్ నంబర్లూ ఇచ్చుకోలేదు, గుంపులో మిగతావాళ్లవీ నా దగ్గర లేవు. "ఫోన్లో మాట్లాడుకునేదానికి ఈ ఏరియల్ తీగలన్నీ ఎందుకు బావా?" అనేవాడు. నేనూ పౌరుషానికి పోయి అడగలేదు. మా రేడియో పిచ్చోళ్ల పౌరుషం ఎందుకూ కొరగాదు.

కొత్త వాల్వు కోసం రెండు వారాలు వెతికాను, దొరకలేదు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి, పాతదాన్నే బాగుచేద్దామని కూర్చున్నాను. పెద్ద వోల్టేజీ ఆపేసి, లోపలి తీగకు మాత్రం మామూలుకంటే కాస్త ఎక్కువ కరెంటు కొద్ది నిమిషాలు ఇవ్వాలి. తర్వాత తగ్గించి గంటల తరబడి వెలగనివ్వాలి. తీగలో మిగిలిన సత్తువ మెల్లగా పైకొస్తుంది. తొందరపడితే తీగ పుటుక్కుమంటుంది. నాకసలే ముక్కు మీద కోపం. ఓపిక పట్టడం నేర్చుకున్నది ఆ పదిరోజుల్లోనే.

"ఏంది బాబాయ్, పొయ్యి మీద పాలకి కాపలా ఉన్నట్టు కూచున్నావ్?" అనేది పక్కింటావిడ.

వినడానికి ఆంప్లిఫయర్ అక్కర్లేదు. మాస్టారు నన్ను పిలవడం రోజూ వినిపించేది. నేనిక్కడ అరిచేవాణ్ణి. బలమైన గొంతులు నా మాటను తొక్కేసేవి.

నెల కావస్తుండగా ఒక పొద్దున మాస్టారు గుంపుకు చెప్పాడు.

"చివరిసారి పల్నాటి బావ గుండెనొప్పని చెప్పాడు. ఇన్నాళ్లు రాలేదంటే మన బావ ఇక లేడు. ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

అందరూ ఆగిపోయారు. హోరు తప్ప ఏమీ లేదు. నేనూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మౌనం పాటించేటప్పుడు నోరెత్తకూడదు కదా! నిమిషం అయిపోయి, మళ్లీ గొంతులు మొదలయ్యాక గానీ బుర్ర వెలగలేదు. ఆ ఒక్క నిమిషమే నాకు అడ్డు ఎవరూ లేరు. నా చిన్న సెట్టు మాట కూడా ఆయనకు అందేదేమో. తల బాదుకుని సెట్టు కట్టేశాను.

మర్నాటికి వాల్వు తేరుకుంది. పిలిచాను. గుంపంతా కేకలు పెట్టింది, నవ్వింది, తిట్టింది. మాస్టారు లేడు. నిన్న నేను సెట్టు కట్టేశాక, "నేనొచ్చేది బావ కోసం. ఇవాళే తీగలు దింపేస్తాను" అన్నాడట. ఆయన ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. రేడియో లైసెన్సులున్నవాళ్ల పుస్తకంలోని ఆయన చిరునామాకు ఉత్తరం రాస్తే, ఇల్లు మారారని తిరిగొచ్చింది.

అక్కడెక్కడో ఆయన నా కోసం ఏడ్చి ఊరుకుని ఉంటాడు. ఇక్కడ నేను బతికే ఉన్నాను.