కుర్చీ అడగని రుక్మిణి టీచర్

మా ముత్తాత రాజేశ్వరరావు చొప్పదండి చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత నరసింహారావు ఎదుట తాలూకా అధికారులు సైతం కూర్చోమంటేనే కూర్చునేవారు. మా హాలులో ఎత్తైన వీపుల టేకు కుర్చీలుండేవి. వచ్చినవారిలో ఎవరికి కుర్చీ వేయాలో, ఎవరిని నిలబెట్టి మాట్లాడాలో మా ఇంట్లో ఒకరు చెబితే నేర్చుకున్న విషయం కాదు. ఆ వంశంలో పుట్టిన మా అక్క రుక్మిణీదేవి, ఒక ప్రైవేటు బడిలో జీవితమంతా హిందీ చెప్పిన రుక్మిణి టీచర్, పోయిన నెల ఊపిరాడక కన్నుమూసింది. డాక్టరు బయటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను "ఎవరు?" అని అడిగానట. పక్కనున్నవాళ్లు తర్వాత చెబితే తెలిసింది.

అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకింకా జీపు ఉండేది. ఆమె మాత్రం బస్సులోనే పోయేది. "మన జీపు ఉండంగ బస్సుల నిలబడి పోవుడేంది బిడ్డా?" అని బాపు కష్టపెట్టుకున్నాడు. "సీటు దొరికితే కూసుంటున్న, దొరక్కపోతే నిలబడ్తున్న. కాళ్లున్నయి గద బాపూ" అన్నది.

ఆమె తరగతిలో ఎవరి బెంచీ వారిది కాదు. ప్రతి సోమవారం ముందువాళ్లు వెనక్కు, వెనుకవాళ్లు ముందుకు మారవలసిందే. ఒక కాంట్రాక్టరు భార్య వచ్చి తన కొడుక్కి వెనుకనుంచి బోర్డు కనిపించడం లేదని తగాదా పెట్టుకుంది. "అయితే వెనుక కూసునే పిల్లలకు ఇన్నొద్దులు ఎట్ల కనిపించిందనుకున్నవమ్మా?" అని అక్క నెమ్మదిగా అడిగింది. ఆ మాట ఆమె శిష్యులు నేటికీ చెప్పుకుంటారు.

ఉద్యోగం మానేసిన కొన్నేళ్లకు అక్క కిడ్నీలు రెండూ పనిచేయడం మానాయి. పక్క పట్నంలోని సర్కారు దవాఖానాలో డయాలసిస్ ఉచితం. అక్కడ తానే వెళ్లి పేరు రాయించుకుని, ఎదురుచూసి, తన వంతు బెడ్డు సంపాదించుకుంది. నేను కారులో తీసుకుపోయి, గేటు బయట ఆపి, అద్దాలు ఎక్కించుకుని కూర్చునేవాణ్ణి.

డయాలసిస్ గది లోపలికి ఒకే ఒక్కసారి పోయాను, అక్క దుప్పటి మరిచిపోయిన రోజున. రక్తం మిషన్లో తిరిగి వస్తున్నంతసేపు రోగులకు చలి పుడుతుంది. పక్క బెడ్డు మీద గాజుల దుకాణం నడిపే రజియా బేగం ఉంది. ఆ జబ్బులో తాగే నీళ్లకు కూడా కొలత ఉంటుంది. దాని మీదనే వాళ్ల పరిహాసాలు.

"టీచరమ్మా, నిన్న ఎన్ని గుక్కలు తాగినవ్? సచ్ బోల్!"

"నాలుగే."

"ఝూట్! నీ కాళ్ల వాపు చూస్తే బిందె ఎత్తినట్టున్నవ్."

గదంతా నవ్వింది. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. ఇంటి బయటివాళ్లు మా అక్కను నువ్వు అనడం నేను అదే మొదటిసారి విన్నాను. రజియా నన్ను చూసింది. "మీ తమ్ముడా? నిలబడ్డడేంది, గా స్టూలు మీద కూసోమను."

"ఎవరన్న తెచ్చి వేస్తెనే కూసుంటడు రజియా. మా ఇంటి అలవాటు" అన్నది అక్క. మళ్లీ నవ్వులు. నేను దుప్పటి పెట్టి బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత మెట్‌పల్లిలో ఒక పెళ్లికి పోతే, మా పెదనాన్న కొడుకు నలుగురి ముందు నిలదీశాడు. "రుక్మిణిని సర్కారు దవాఖానాల మందిల చూసిన్రట. ఏమైందిర మీకు? చేతగాకుంటె మాకన్న చెప్పకపోయినవ్." ఆ రాత్రే అక్కను కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి, వేరే గదికి మార్చాలని నిర్ణయించాను.

"గోడలతోటి మాట్లాడాల్నా తమ్మీ?" అన్నది. నా ముఖం చూసి, నా మాట పోకూడదని ఒప్పుకుంది. నేను సర్కారు దవాఖానాకు వెళ్లి ఇక మేం రామని చెప్పాను. అక్కడి నర్సమ్మ నన్ను ఆపింది. "బెడ్డు ఇడిసిపెడితే వేరేటోళ్లకు ఇస్తం సార్. మళ్ల కావాల్నంటే లైన్ల ఉండాలె. సోచాయించుకోండ్రి."

"మా ఇంట్లో ఎవరూ లైన్లో ఉండరు" అన్నాను.

ఏడాది తిరగకముందే ఖర్చు భరించే మా శక్తి అయిపోయింది. వారానికి మూడుసార్లు జరగవలసిన డయాలసిస్‌ను రెండుసార్లకు తగ్గించాం. సర్కారు దవాఖానాకు తిరిగి పోతే అక్క బెడ్డు మరమగ్గం నడిపే ఒక నేతపనివాడికి ఇచ్చారు. మా పేరు చివర రాశారు. బాపును ఎరిగిన ఒక నాయకుడికి చెప్పిద్దామని ఫోను తీశాను. అక్క ఆయాసపడుతూనే నా చెయ్యి పట్టుకుంది.

"ఎవర్ని లేపి నన్ను పండబెడ్తవు? ముందుగాల పేరు చెప్పు. పేరు చెప్పినంక ఫోన్ చెయ్."

నేను ఫోను జేబులో పెట్టేశాను. ఆమె వంతు రాకముందే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

ఆ లైను ఎందుకంత పొడుగో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. మాబోటివాళ్లం అక్కడికి పోం కనుక, అక్కడ ఇంకొన్ని బెడ్లు వేయమని ఏనాడూ అడగలేదు. మేం అడిగితే వినే అధికారులు ఒకప్పుడు మా హాలులోనే కూర్చునేవారు.

పదోనాడు సర్కారు దవాఖానా డయాలసిస్ గదివాళ్లంతా ఒక ఆటోలో వచ్చారు, తమకు మిషన్ లేని రోజు చూసుకుని. రజియా నేల మీద కూర్చుని, "మీరు గూడ కూసోండ్రి భయ్యా" అన్నది. కూర్చున్నాను. నేతపనివాడు మాత్రం గడపలోనే ఆగిపోయాడు. "టీచరమ్మ బెడ్డు మీదనే పంటున్న సార్. లోపలికి రానీకె కాళ్లు వస్తలేవు" అన్నాడు. అందులో అతని తప్పేమీ లేదని చెప్పవలసినవాణ్ణి నేనే. చెప్పాను. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

అక్కా, నువ్వు ఎవరి పక్కనైనా కూర్చోగలిగిన మనిషివి. మన వంశంలో అంత పెద్దరికం ఇంకెవరికీ లేదు, ఇక రాదు. నీ ఫోటో ముందు తల వంచుతున్నాను.

ఆ రోజు వచ్చినవారికి వేయడానికి ఇంట్లో ఒక్క కుర్చీ లేదు. హాలులోని టేకు కుర్చీలన్నీ ఆ ప్రైవేటు ఆసుపత్రి గది ఖర్చు కోసం కరీంనగర్‌లో ఒక హోటల్ యజమానికి అమ్మేశాం.