నా గ్రాంటు ఇంటర్వ్యూలో పైడమ్మత్త

నవ్వొస్తే నవ్వీయండి, నేనేమీ అనుకోను. మా అమ్మే నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని. అదీ ఎప్పుడు? మా నాన్న పోయి వారం తిరక్కుండా! అలాంటి ఘనకార్యం చేసొచ్చాను మరి. "ఇంటర్వ్యూ ఏమైంది మేడమ్?" అని మీరు అడిగినప్పుడల్లా "బానే అయింది" అని తప్పించుకు తిరిగాను కదా. ఇవాళ ఇంకో టీ చెప్పండి, మొత్తం చెప్పేస్తాను.

ఆ గ్రాంటు సంగతి మీకు తెలిసిందే. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అయ్యి ఎక్కువ ఏళ్లు కానివాళ్లకి ఒక ప్రైవేటు ఫౌండేషన్ ఇస్తాది. పెద్ద యూనివర్సిటీలో ఉన్నారా, మనలాగ ఊరవతల కాలేజీలో ఉన్నారా అని చూడరట, ఐడియా బావుంటే చాలట. ఈ ఏడు దాటితే నాకు ఛాన్సు లేదు. ఆ తర్వాత నాది 'ఎర్లీ కెరీర్' కాదు, ఉత్తి కెరీర్!

నా ఐడియా ఏటంటే రొయ్య తొక్కలు. వాటిలోంచి ఒక పదార్థం తీస్తే, ఫ్యాక్టరీ నీళ్లలో ఉండే సీసం, క్రోమియం లాంటివి దానికి అతుక్కుంటాయి. నీళ్లు శుభ్రపడతాయి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మన ల్యాబ్‌లో ఏముంది? ఒక టెస్టింగు కావాలంటే శాంపిల్ పట్టుకుని వైజాగ్ పరిగెత్తాలి, అక్కడ వాళ్ల దయ కోసం గుమ్మం బయట నిలబడాలి. గ్రాంటొస్తే ఆ టెస్టింగు మెషీను మన దగ్గరికే వస్తాది.

తొక్కలు తెచ్చేది మా నాన్న. మాది భోగాపురం దాటాక సముద్రపొడ్డు ఊరు. వేట లేని రోజు రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్డుకెళ్లి, తొక్కలు సంచికెత్తి, మోపెడ్ వెనక కట్టుకుని మన గేటు దాకా తెచ్చేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు.

"వొద్దులే అమ్మా, నాను కంపు కొడతన్నాను. మీవోళ్లేటనుకుంటారో" అనేవాడు.

"నాన్నా, ఇది నా ల్యాబ్. అంతకన్నా కంపు కొడతాది" అంటే నవ్వేసి వెళ్లిపోయేవాడు. ఊళ్లో మాత్రం ఒకటే గొప్ప. మా పిల్ల రొయ్యతొక్కతో మందు కనిపెట్టీసినాది అని. ఏ రోగానికి మందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చిందని తెలిశాక ఆయన కాలు నేల మీద నిలవలేదు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్న వేట నుంచొచ్చి, పడవ లాగుతా లాగుతా ఇసకలో కూలబడ్డాడు. అలిసిపోయాడేమో అనుకున్నారట అందరూ. కూలబడ్డవాడు మరి లేవలేదు.

వాయిదా అడగొచ్చు కదా అంటారు. నిజమే. మెయిల్ రాద్దామనే కూర్చున్నాను. 'మా నాన్న పోయారు' అని ఇంగ్లీషులో కొట్టాలి కదా. చెయ్యి రాలేదు. అన్ని పనులూ నేనే చూశాను. వచ్చినవాళ్లకి కాఫీలు, కర్రలవాడు, కర్మ చేయించే ఆయన, షామియానా. ఏడవడం మాత్రం రాలేదు. "పిల్ల గట్టిది" అన్నారు. గట్టిదేటి నా మొహం, మెయిల్ రాయలేనిది!

పెద్దకర్మ ఇంకా కాలేదు, ఇంటర్వ్యూ రోజు వచ్చేసింది. ఇల్లంతా చుట్టాలు. అమ్మ దగ్గరికెళ్లి "ఇంటర్వ్యూ మానీయనా?" అన్నాను.

"ఎల్లి కూకో. మీ నాన్నుంటే తలుపు కాడ కాపలా కూకునీవోడు" అంది.

సరే అని వెనకగదిలోకెళ్లాను. అది నాన్న వలలు పెట్టుకునే గది, సిగ్నల్ అక్కడే వస్తాది. బియ్యం డబ్బా మీద లాప్‌టాప్. వెనక వలలు కనిపిస్తే బావుండదని ఒక తెల్ల దుప్పటి వేలాడదీశాను. గొళ్లెం ఎప్పుడో ఊడిపోయింది. అమ్మని తలుపు కాడ కూర్చోబెట్టి, ఎవర్నీ రానీకు అన్నాను.

తెర మీద ముగ్గురు. మధ్యలో తెల్ల గడ్డం పెద్దాయన, ఆయనే ఛైర్మన్. ఒక ప్రొఫెసరమ్మ. ఒక ఫౌండేషన్ ఆయన. ముగ్గురికీ తెలుగు రాదు. నా ఇంగ్లీషు యాస అర్థం కాదేమోనని, మాట్లాడిన మాట కింద అక్షరాల్లో వచ్చేలాగ క్యాప్షన్లు కూడా పెట్టుకున్నారు.

మొదలు అదిరిపోయింది! అడిగినవన్నీ చెప్పాను. పెద్దాయన తలూపుతున్నారు. లోహాలు తొక్కకి ఎలా అతుక్కుంటాయో లెక్కగట్టడానికి ఏ మోడల్ వాడారు అని ప్రొఫెసరమ్మ అడిగింది. చెప్పబోతున్నాను...

అప్పుడొచ్చింది మా పైడమ్మత్త.

నాన్నకి ఒక్కగానొక్క అక్క. శ్రీకూర్మం దగ్గర ఉంటాది. నాన్న పోయినప్పుడు ఆవిడ పారాదీప్‌లో కొడుకు దగ్గరుంది. తమ్ముడి ఆఖరి చూపు దక్కలేదు. అదిగో, ఆ నిమిషానికే ఆటో దిగింది. "పిల్లేదే?" అని వీధిలోంచే అరుస్తా వచ్చింది. అమ్మ ఏం ఆపుతాది? అత్తని చూడగానే అమ్మకే దుఃఖం పొంగుకొచ్చింది, గుమ్మంలోనే కూలబడింది. తలుపు దభీమని తెరుచుకుంది. నా మెడ చుట్టూ రెండు చేతులు పడ్డాయి.

"ఓలమ్మో! నా తమ్ముడో! ఒగ్గీసి ఎల్లిపోనావా నా తమ్ముడో!"

మనవైపు పరామర్శ అంటే తెలుసు కదా. మెల్లగా కళ్లొత్తుకోడం కాదు. రాగం తీసి, పోయినోళ్ల గుణాలన్నీ చెప్పి చెప్పి ఏడవాలి. మా అత్తయితే ఊరవతలికి వినిపిస్తాది.

నేను కంగారులో మ్యూట్ నొక్కాను. నొక్కాననుకున్నాను! నొక్కింది చెయ్యెత్తే బొమ్మ. తెర మీద పసుప్పచ్చ చెయ్యొకటి లేచింది. పెద్దాయన ఎంతో మర్యాదగా, "మీరేదో చెప్పాలనుకుంటున్నట్టున్నారు, చెప్పండి" అన్నారు.

అత్త ఇంకో రాగం ఎత్తుకుంది. కింద క్యాప్షన్లు పరిగెడుతున్నాయి. 'నా తమ్ముడో' అంటే అది 'నాట్ ఎ మోడల్' అని రాస్తోంది! 'ఎల్లిపోనావా' అంటే 'ఎల్లో పోనీ'! అత్త అన్నప్పుడల్లా నాట్ ఎ మోడల్, నాట్ ఎ మోడల్.

ఫౌండేషన్ ఆయన కళ్లజోడు సర్దుకుని, "మోడల్ కాదంటున్నారా? అయితే లెక్క ఎలా కట్టారు?" అన్నాడు.

ఇప్పుడు వినండి నా తెలివి. ఎవరైనా ఏం చేస్తారు? "క్షమించండి, ఇంట్లో ఇలా జరిగింది" అని చెప్తారు. నేనేం చేశాను? మెడకి అత్త వేలాడుతుండగా, ఆవిడ కన్నీళ్లు నా భుజం మీంచి కారుతుండగా, మోడల్ గురించి జవాబు చెప్పడం మొదలెట్టాను! "మోడల్ ఉందండీ, రెండు రకాలుగా సరిచూశాం" అని. గట్టిగా అరిచి మరీ చెప్పాను, అత్త గొంతుని మించి వినబడాలి కదా!

ఈలోగా అత్త కాలికి దుప్పటి చిక్కుకుంది. జర్రున జారి కిందపడింది. వెనక వలలు, తాళ్లు, నాన్న లుంగీ, మేకుకి ఆయన చొక్కా. అన్నీ బయటపడ్డాయి.

ప్రొఫెసరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి. మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అంది.

"అవును. మా నాన్న" అన్నాను.

అంతే. అన్ని రోజులూ రాని ఏడుపు, ఆ ఇంగ్లీషు ముక్క నోట్లోంచి రాగానే వచ్చేసింది. ఎలా వచ్చిందంటే, అత్త ఏడుపు ఆపేసి నా మొహంలోకి చూసింది. "అయ్యో నా తల్లి, ఇన్నాళ్లూ ఏడవనేదేటే?" అని నన్ను గుండెకి అదుముకుంది.

అప్పుడు చూసింది లాప్‌టాప్. తెరలో ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురి కళ్లూ చెమర్చి ఉన్నాయి. వీడియోలో పరామర్శకొచ్చారనుకుంది. రెండు చేతులూ జోడించింది.

"బాబూ, ఎంత దూరాన్నించో పలకరించడానికొచ్చినారు. మా తమ్ముడు బంగారం బాబూ. పిల్ల సదువు కోసరం రొయ్యతొక్కలు మోసినాడు బాబూ..."

"ఆవిడ ఏమంటున్నారు?" అని అడిగారు పెద్దాయన. చెప్పాను. ఏడుస్తానే, ఒక్కో ముక్కా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. చెప్తా చెప్తా ఉంటే అత్త ఒక మాట అంది.

"మొన్న ఫోన్ సేసినాడు బాబూ. 'అక్కా, పిల్లకి ఆ గ్రాంటొచ్చీసిందంటే మరి నా పని అయిపోనట్టే. నడుం నొప్పెడతన్నాది. నీ కాడికొచ్చి కొన్నాళ్లు తొంగుంటాను' అన్నాడు. పక్క ఏసి ఉంచినాను బాబూ. రానేదు."

నడుం నొప్పని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆ ముక్క నాకే కొత్త. ఇంగ్లీషులో ఎలా చెప్పానో గుర్తు లేదు. తెరలో ముగ్గురూ లేచి నిలబడ్డారు. పెద్దాయన దండం పెట్టారు. అత్త కళ్లు తుడుచుకుని, "ఉండండి బాబూ, ఓ ముద్ద తినీసి ఎల్లండి" అంది. ఆ మాటకే అమ్మ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో, రెండూనో.

మంచివాళ్లు, మళ్లీ ఇంకో రోజు ఇంటర్వ్యూ పెట్టారు. ఈసారి మన సెమినార్ హాల్లో, ఏసీ వేసుకుని, ఇస్త్రీ చీరతో. చీమ చిటుక్కుమనలేదు. మొదటి ప్రశ్న ఏటో తెలుసా? "మీ అత్తగారు బావున్నారా?" నేను మళ్లీ బావురుమన్నాను! ఈసారి పక్కన ఎవరూ లేరు, నింద వెయ్యడానికి కూడా. తర్వాత అన్నిటికీ జవాబు చెప్పాను, బాగానే చెప్పాను.

మొన్న మెయిలొచ్చింది. రాలేదండీ. ఐడియా బావుందిట, ప్రాథమిక ఫలితాలు ఇంకా కావాలిట. ఫలితాలు రావాలంటే మెషీను కావాలి, మెషీను రావాలంటే ఫలితాలు కావాలి. న్యాయంగానే రాశారు, కోపం లేదు. వేరే ఎవరికో వచ్చుంటాది, వాళ్లకీ నాన్న ఉండుంటారు.

అత్తకి ఫోన్ చేసి చెప్పాను. "పోన్లే తల్లీ. ఆ బాబులు మాత్రం మంచోళ్లు" అంది.

మరి పని ఆపేస్తామా? ఇద్దరు పీజీ పిల్లలు ప్రాజెక్టు కోసం చూస్తున్నారు. తొక్కలు అయిపోయాయి. అందుకని ఇవాళ పొద్దున్న నేనే పీలింగ్ షెడ్డుకెళ్లాను. అక్కడి ఆడోళ్లు నన్ను చూసి, "మోపెడ్ మీద తొక్కలట్టుకెళ్లీ ఆయన కూతురివి కదే?" అని సంచి నింపి ఇచ్చారు. స్కూటీ వెనక పెట్టి, తాడుతో అటూ ఇటూ ఒకటికి పది చుట్లు చుట్టి బయల్దేరాను. హైవే దాటేదాకా బానే ఉంది. మలుపులో తాడు జారింది, సంచి నోరు తెరుచుకుంది. నాకేం తెలుసు? హెల్మెట్టు పెట్టుకుని దర్జాగా వస్తన్నాను. మన గేటు దగ్గర వాచ్‌మన్ నోరెళ్లబెట్టి చూస్తుంటే వెనక్కి తిరిగాను. రోడ్డు పొడుగునా రొయ్యతొక్కలు, వాటెనక ఊళ్లో కుక్కలన్నీ!

సంచిలో మిగిలినవి గుప్పెడు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. కెమిస్ట్రీలో డాక్టర్‌ని కదా, అణువుకి అణువు ఎలా అతుక్కుంటాదో గంటసేపు చెప్పగలను. సంచికి ముడెయ్యడం రాదు! అన్నిసార్లు ఇదే గేటు దగ్గర ముడి విప్పి ఇచ్చాడు నాన్న. ఎలా వేశాడో ఒక్కసారైనా చూశానా?