నడవగలిగినవాళ్లకే

అన్నయ్యకు మస్క్యులర్ డిస్ట్రఫీ. కండరాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బలహీనపడే జబ్బు. మొదట మెట్లెక్కడం కష్టమైంది, తరువాత నేలమీద నుంచి లేవడం, ఆ తరువాత కొల్లేటి పక్కనున్న మా చేపల చెరువు గట్టుమీద నడవడం. ఒకే తల్లికి పుట్టిన నాకు అది రాలేదు. అమ్మ జన్యువుల్లోని లోపం ఒక కొడుక్కి వచ్చి ఇంకొకడికి ఎందుకు రాలేదో కాగితం మీద గీసి చూపించగలను. గీసినంత మాత్రాన మనసు కుదుటపడదు.

తాడేపల్లిగూడెంలో ఉన్న బంధువొకాయన హైదరాబాదులో ఒక క్లినిక్ ఉందన్నాడు. మూలకణాలు ఎక్కిస్తే కండరం మళ్లీ పెరుగుతుందట. అమ్మ వెంటనే ప్రయాణం కట్టించింది. మా ఇంట్లో ఇంజినీరింగ్ చదివింది నేనే కాబట్టి ఇలాంటివి తేల్చడం నా పని. అడగాల్సినవి వరసగా పెట్టుకుని వెళ్లాను: ఎవరి కణాలు, ఎక్కడికి ఎక్కిస్తారు, ఎక్కించినవాళ్లనూ ఎక్కించనివాళ్లనూ పోల్చి చూశారా.

"ముందు నమ్మకం ఉండాలండి," అన్నాడు డాక్టరు.

"పోల్చి చూశారా అని అడుగుతున్నానండి."

ఆయన నన్ను వదిలి అమ్మతో మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను వద్దన్నాను.

ఏలూరు తిరిగొచ్చేటప్పుడు రైల్లో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అన్నయ్యే కదిపాడు.

"ఏవండీ ఇంజినీరు గారూ, తెల్లారగట్ల చెరువులో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏం చేస్తాం? ఏరేటర్లు తిప్పుతాం, ఆక్సిజన్ బిళ్లలు చల్లుతాం, ఇంజను పెట్టి కొత్తనీళ్లు తోడతాం. ఏది పనిచేస్తుందా అని కూర్చుని చూస్తామా?"

"అవి పనిచేస్తాయని తెలుసు అన్నయ్యా. ఇది ఇంకా ప్రయోగాల్లోనే ఉంది. నిజమైనది వస్తుంది."

"అప్పటికి నేను నడుస్తూ ఉంటానా?"

"ఉంటావు," అన్నాను. డాక్టరును ఆధారాలు అడిగినవాణ్ణి, ఆ ఒక్క మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

నిరుడు చక్రాల కుర్చీ కొన్నాం. ఆ క్లినిక్ ఇంజెక్షన్లు దాన్ని ఆపేవి కావనే ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా అమ్మ ఆ కుర్చీని గుమ్మం దాటిస్తుంటే పక్కగదిలోకి వెళ్లిపోతాను.

మొన్న ఫోనులో ఒక పరిశోధన ఆసుపత్రి ప్రకటన దొరికింది. అన్నయ్యకున్న రకం జబ్బుకే మూలకణాల ప్రయోగం, నేను కోరినట్టే పోల్చి చూసే పద్ధతిలో. ఎవరిని చేర్చుకుంటారో కింద రాశారు. మొదటి షరతు: ఆసరా లేకుండా నడవగలగాలి.

"ఏం దొరికిందిరా, అలా అయిపోయావు?" అంటూ అన్నయ్య కుర్చీ నడుపుకుంటూ వచ్చాడు. ఫోను చేతికిచ్చాను. చదివి నవ్వాడు.

"ఉద్యోగానికి పనికిరాడన్నారు, సరే. జబ్బుకి కూడా పనికిరాకుండా పోయానేంట్రా!"

"అన్నయ్యా, ఆ రోజు నేను..."

"ఆ రోజు సంగతి తర్వాత. కొత్తగా ఏమైనా వచ్చిందా అని అమ్మ రోజూ నిన్నే అడుగుతోంది. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

ఫోను వెనక్కి తీసుకుని మళ్లీ ఆ షరతే చదువుతున్నాను. అన్నయ్య కుర్చీని వంటింటి వైపు తిప్పాడు.

"అమ్మా, పొయ్యి కట్టేసి ఒకసారి ఇలా రా."